కోడిపిల్లలకు బ్రూడరు దీపము వలన కాలిన గాయములు – నివారణ, చికిత్స

తల్లికోడి తన పిల్లలను రెక్కల క్రింద పొదివికొని వెచ్చగా కాపాడును. ఆ కోడి శరీరపు వేడి సుమారు 106 ఫారన్‌హీటు డిగ్రీలుండును. అయినను ఆ వేడికి ఏ పిల్లయు కాలదు. చలి వేసిన పిల్ల రెక్క క్రిందికి దూరును. ఉక్క పోసిన పిల్ల బయటికి వచ్చును. తల్లి లేకుండ దీపము క్రింద పిల్లలను పెంచునపుడు ఈ సౌకర్యమును మనమే కల్పింపవలెను. దీపము మరీ దగ్గరగా నున్నపుడును, వేడి నుండి తొలగిపోవుటకు చోటు లేనపుడును పిల్లలు కాలును. బ్రూడరు ప్రమాదములలో ఎక్కువ భాగమునకు ఈ రెండే మూలము.

హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ వృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ళను నేడు అనేక గ్రామములలో పెంచుచున్నారు. ఈ పిల్లలు యంత్రములో పొదిగినవి. వీటికి తల్లి లేదు. కనుక మొదటి కొన్ని వారములు దీపపు వేడి తప్పనిసరి. యాభై, నూరు పిల్లలను ఇంటి వసారాలోనో, చిన్న పాకలోనో పెంచువారు ఈ క్రింది సంగతులను గమనింపవలెను.

ప్రమాదము ఎట్లు జరుగును?

సాధారణముగా ఇది చలికాలపు రాత్రి జరుగును. మంచు కురియుచుండును. పిల్లలు అరచుచుండును. పెంచువారు లేచి, పాపము చలి వేయుచున్నదని తలచి, దీపమును జానెడు క్రిందికి దించి పడుకొందురు. దీపమును సగము దూరమునకు దించినచో వేడి రెట్టింపుతో ఆగదు, ఇంచుమించు నాలుగింతలగును. ఈ సంగతి చాలమందికి తెలియదు. తెల్లవారుసరికి కొన్ని పిల్లలు దడికి అంటుకొని నోరు తెరచి రొప్పుచుండును. కొన్నిటి వీపుపై నూగు మాడియుండును.

రెండవ కారణము పిల్లల పెరుగుదల. మొదటి వారములో నేలను అంటి తిరుగు పిల్ల, రెండవ వారము దాటుసరికి రెక్కలు వచ్చి నీటి తొట్టి పైకి, మేత తొట్టి పైకి ఎగిరి కూర్చుండును. మొదటి రోజున సరియైన ఎత్తులో కట్టిన దీపము పదునైదవ రోజున తలకు తగులును. దీపమును కదలింపకున్నను ప్రమాదము దానంతటదియే దగ్గరకు వచ్చునన్నమాట.

ఎంత వేడి కావలెను?

మొదటి వారము 95 డిగ్రీలు, రెండవ వారము 90, మూడవ వారము 85, నాలుగవ వారము 80 ఫారన్‌హీటు డిగ్రీల వేడి చాలును. సెంటీగ్రేడులో ఇవి వరుసగా సుమారు 35, 32, 29, 27 డిగ్రీలు. అనగా వారమునకు 5 ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గింపవలెను.

ఈ వేడిని ఎక్కడ కొలువవలెననునది ముఖ్యము. మనము నిలుచుండి చేయి చాచి చూచిన తెలియదు. ఉష్ణమాపకమును గొడుగు అంచున, ఊకకు 2 అంగుళముల ఎత్తున, అనగా పిల్ల వీపు మట్టమున ఉంచి చూడవలెను. ఉష్ణమాపకము వెల స్వల్పము. నూరు పిల్లల వెలతో పోల్చిన అది లెక్కకు రాదు.

వేసవిలో పిల్లకు 1 వాటు, చలికాలములో 2 వాట్లు చొప్పున దీపములు అమర్చుట వాడుక. నూరు పిల్లలకు చలికాలములో 200 వాట్లు కావలెను. అంతటి వేడిని ఒకే దీపముతో నీయక రెండు 100 వాట్ల దీపములుగా విడదీసి కట్టుట మేలు. ఒకటి మాడిపోయినను రెండవది పిల్లలను కాపాడును. మే నెలలో పగటి పూట బయటి వేడియే చాలును. పిల్లలను గమనించుచు దీపమును ఆర్పివేయవచ్చును.

నేడు ఇండ్లలో వాడు ఎల్‌ఇడి బల్బులు వెలుతురునిచ్చును గాని పిల్లలకు చాలినంత వేడి నీయవు. ఫిలమెంటు బల్బు స్థానమున ఎల్‌ఇడి బల్బును పెట్టి వేడి వచ్చుచున్నదని భ్రమపడరాదు. ఫిలమెంటు బల్బులు దొరకనిచో ఇన్‌ఫ్రారెడ్ దీపమును గాని, పింగాణీ హీటరును గాని వాడవలెను. పింగాణీ హీటరు వెలుగదు గనుక అది కాలుచున్నట్లు కంటికి తెలియదు. దాని విషయమున మరింత జాగ్రత్త అవసరము.

దీపమును కట్టు పద్ధతి

1. దీపమును కరెంటు తీగతో వ్రేలాడదీయరాదు. ఇనుప గొలుసుతో దూలమునకు కట్టి, ఆ గొలుసు జారినను క్రిందపడకుండ రెండవ కట్టు కూడ వేయవలెను.

2. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ దీపమును ఊకకు 18 అంగుళములకు తక్కువ ఎత్తున ఎన్నడును కట్టరాదు. తొట్టిపై నిలుచున్న పిల్లకు కూడ దీపము అందరాదు. పిల్లలు పెరిగిన కొలది ఉష్ణమాపకమును చూచుచు దీపమును పైకి ఎత్తుచుండవలెను.

3. దీపము చుట్టు ఇనుప తీగ జాలీ ఉండవలెను. దీపము ఊడిపడినను గాజు ఊకకు తగులదు.

4. హోల్డరు పింగాణీదై యుండవలెను. ప్లాస్టిక్ హోల్డరు ఆ వేడికి కరగును.

5. నీటి తొట్టిని, మేత తొట్టిని దీపమునకు సరిగా క్రింద పెట్టరాదు. కాలుచున్న గాజుపై నీటి చుక్క పడిన బల్బు పగులవచ్చును.

6. గొడుగు అంచు నుండి రెండున్నర మూడు అడుగుల దూరమున, అడుగు లేక అడుగున్నర ఎత్తున అట్టతో గాని, తడికతో గాని గుండ్రముగా దడి కట్టవలెను. మూలలుండరాదు. దీపము నడుమ నుండవలెను. అప్పుడు మధ్యను వేడి, అంచున చల్లదనము ఏర్పడి, పిల్ల తనకు నచ్చిన చోటికి పోవును. తల్లి రెక్కకు బదులు మనము చేయగలిగినది ఇదియే.

పిల్లలు చెప్పు గుర్తులు

పిల్లలు దీపము చుట్టు సమముగా పరచుకొని మేయుచు, నిద్రించుచున్నచో వేడి సరిగా నున్నది. దీపము క్రింద ఒకదానిపై నొకటి ఎక్కి అరచుచున్నచో వేడి చాలదు. దీపమునకు దూరముగా పోయి, రెక్కలు వ్రేలవేసి, నోరు తెరచి రొప్పుచున్నచో వేడి ఎక్కువ. అన్నియు ఒకే ప్రక్కకు చేరినచో ఎదుటి దిక్కు నుండి చలిగాలి కొట్టుచున్నదన్నమాట. అట్టి సందర్భమున దీపమును దించరాదు, గోనె పట్టా కట్టి గాలిని ఆపవలెను. రాత్రి పండుకొనుటకు ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఈ గుర్తులను చూచిన చాల ప్రమాదములు తప్పును.

కాలిన పిల్లను గుర్తించుట

కాలిన గాయములు ముఖ్యముగా వీపు, తల, రెక్కల పైభాగములందు కనబడును. నూగు గోధుమరంగుకు మాడి ముడుచుకొనును. దాని క్రింద చర్మము ఎర్రబడును, లేక పాలిపోయి తోలువలె గట్టిపడును. మొదటి రోజున గాయము చిన్నదిగా కనిపించి, రెండు మూడు రోజులలో నల్లబడి పెద్దదిగా బయటపడుట కలదు. కనుక ఒక పిల్ల కాలినదని తెలిసిన వెంటనే మిగిలిన అన్నిటిని చేతిలోనికి తీసికొని నూగు తొలగించి చూడవలెను.

ప్రథమ చికిత్స

ముందుగా దీపమును పైకి ఎత్తవలెను. కాలిన పిల్లను వేరు చేయవలెను. ఎర్రని పుండును చూచిన తోటి పిల్లలు దానిని పొడిచి చంపును.

శుభ్రమైన మెత్తని గుడ్డను చల్లని నీటిలో తడిపి పిండి, కాలిన చోట మాత్రమే కొన్ని నిమిషములు అద్దవలెను. మంచు గడ్డ పెట్టరాదు. పిల్లను నీటిలో ముంచరాదు. ఒళ్ళంతయు తడిసిన చిన్న పిల్ల చలికి చచ్చును. తరువాత పొడిగుడ్డతో అద్ది, మెత్తని కాగితము పరచిన అట్టపెట్టెలో పొడిగా, గోరువెచ్చగా ఉంచవలెను. ఊకపై ఉంచిన అది పుండునకు అంటుకొనును. ఈగలు వాలకుండ పెట్టెపై పలుచని గుడ్డ కప్పవలెను.

వేడికి వడలిన పిల్లకు దాహము ఎక్కువ. ముక్కును మెల్లగా నీటిలో అద్ది త్రాగుట నేర్పవలెను. కోళ్ళకై అమ్ము ఎలక్ట్రొలైటు పొడిని పొట్లముపై వ్రాసిన మోతాదులోనే కలుపవచ్చును. ఇంటి ఉప్పును అంచనాగా కలుపరాదు. ఉప్పు ఎక్కువైన పిల్లలకు ప్రాణాపాయము.

గాయము చిన్నదైనను పశువైద్యునికి చూపుట మంచిది. కాలిన పుండ్లకు వాడు సిల్వర్ సల్ఫాడయజీన్ పూతను ఆయన చెప్పినట్లు పలుచగా రాయవలెను. యాంటీబయాటిక్ మందులను తమంత తాము నీటిలో కలిపి ఇయ్యరాదు. వీపంతయు కాలి, మేత నీరు ముట్టక మూలుగు పిల్లను బాధపెట్టుచు ఉంచుట తగదు. దాని విషయమున వైద్యుని సలహా వెంటనే పొందవలెను.

బూడిద, సున్నము, కిరసనాయిలు, నూనె, వెన్న, పళ్ళపొడి, సిరా మొదలగు వానిని కాలిన చోట పూయుట కొందరికి అలవాటు. వీనిలో ఏదియు మేలు చేయదు. కొన్ని వేడిని లోననే నిలుపును, కొన్ని చర్మమును మరింత తినివేయును.

ఇల్లు కాలు ప్రమాదము

పిల్లను కాల్చిన దీపము ఇంటిని కూడ కాల్చగలదు. ఎండిన ఊక, సాలెగూళ్ళు, పైన తాటియాకుల కప్పు, వీని నడుమ కాగుచున్న గాజు! దీపమునకు పైన, ప్రక్కల ఎండుగడ్డి, గోనెలు లేకుండ చూడవలెను. దీపముపై పేరుకొన్న దుమ్మును, కరెంటు ఆపి, చల్లారిన తరువాత తుడువవలెను. అతుకులు వేసిన తీగలు వాడరాదు. దగ్గరలో నీటి బిందెను, ఇసుక బకెట్టును ఉంచవలెను. కాని కరెంటు తీగ అంటుకొనినచో స్విచ్చి ఆపకుండ నీరు చల్లరాదు.

కరెంటు పోయినపుడు కొందరు బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయుదురు. ఆ పొగలోని విషవాయువు పిల్లలనే కాక అచట నిద్రించు మనుష్యులను కూడ చంపును. కుంపటి పెట్టిన గదికి గాలి వచ్చు మార్గముండవలెను, దాని చుట్టు కంచె యుండవలెను, మనిషి మేలుకొని యుండవలెను. కొద్దిసేపటికైనచో పిల్లలను అట్టపెట్టెలలో దగ్గరగా చేర్చి, గాలి ఆడునట్లు గుడ్డ కప్పుట మేలు.

గ్రామాధికారులకు మనవి

పిల్లలను పంపిణీ చేయుటకు ముందు రోజున, పొందువారి ఇంటికి పోయి దీపము వెలిగించి చూడవలెను. గొలుసు, జాలీ, ఉష్ణమాపకము, దడి ఈ నాలుగును ఉన్నవని కన్నులార చూచిన పిదపనే పిల్లలను అప్పగించుట మంచిది. పలు ఇండ్లలో ఈ పిల్లల పోషణ స్త్రీలదే గనుక, ఈ సంగతులను ఇంటి యజమానికి చెప్పి ఊరకొనక, రాత్రి లేచి పిల్లలను చూచు ఆ తల్లులకు స్వయముగా చూపి చెప్పవలెను. దీపమును దించబోవు చేయి ముందుగా ఉష్ణమాపకమును అందుకొన్నచో, పిల్లలును దక్కును, ఇల్లును దక్కును.