కథ చదవండి చాలు, పరీక్ష పెట్టకండి

మన ఇళ్లలో చిన్నపిల్లలు పుస్తకం పట్టుకోగానే పక్కనున్న పెద్దవాళ్లకి ఏదో పూనుతుంది. ‘ఇదేంటి చెప్పు? ఏనుగుని ఇంగ్లిష్‌లో ఏమంటారు? స్పెల్లింగ్ చెప్పు. వెరీగుడ్, ఏదీ అంకుల్‌కి చదివి చూపించు!’ ఆ పిల్ల మాత్రం ఏనుగు తొండం మీద వాలిన పిట్టని చూస్తూ ఉంటుంది. ఆ పిట్ట సంగతి ఎవరూ అడగరు.

ఫోన్ ఇలాంటి ప్రశ్నలు వెయ్యదు. అది గెలవడానికి సగం కారణం ఇదే అంటాను నేను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మా పని చాలావరకు ఏమిటంటే, జనం ఒక యాప్‌ని ఎక్కడ మూసేసి వెళ్లిపోతున్నారో చూసి అక్కడున్న అడ్డు తీసెయ్యడం. అదే చూపుతో చూస్తే పుస్తకానికీ పిల్లకీ మధ్య మనం పెట్టే అడ్డాలు అన్నీ ఇన్నీ కావు.

నాకింకా పెళ్లి కాలేదు. ఈ గొడవంతా ఎందుకు పట్టిందంటే తెనాలిలో నాకో ఐదేళ్ల మేనకోడలుంది. పోయినేడు దాని స్కూల్లో ‘రీడింగ్ డైరీ’ మొదలెట్టారు. రోజూ 20 నిమిషాలు చదివించి అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. నెల తిరక్కముందే పుస్తకం తెరుస్తూనే ‘అమ్మా, సంతకం పెట్టేశావా? ఇంక మూసెయ్యనా?’ అని అడగడం మొదలెట్టింది. అదే పిల్ల రాత్రి అమ్మమ్మ పక్కలో చేరితే ఒకే కథని మూడుసార్లు చెప్పించుకుంటుంది. అంటే కథ ఇష్టమే, పుస్తకమంటేనే బెదురు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. అది నవ్వేది తెలుగులో, అలిగేది తెలుగులో. చదవాల్సిన పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో. మా బావ వాదన అందరు తండ్రులదీ: ‘తెలుగు ఎలాగూ వస్తుందిలే, ముందు ఇంగ్లిష్ చూడాలి.’ తెలుగు మాట్లాడటం వస్తుంది బావా, చదవడం ఎలాగూ రాదు. హైదరాబాద్‌లో నాతో పనిచేసేవాళ్లలోనే బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదివేవాళ్లున్నారు. పైగా గీతలు మాటలవుతాయి, మాటలు కథవుతాయి అనే కిటుకు ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలో మళ్లీ మొదట్నుంచి మొదలెట్టక్కర్లేదు. తెలిసిన మాటల్లో అది త్వరగా పట్టుబడుతుంది. తెలుగులో ‘తల’ అని రాస్తే తలే. ‘బట్’కి ఒక దారి, ‘పుట్’కి ఇంకో దారి అనే తగువు లేదు.

తెలంగాణలో 2018లో చట్టం చేసి బడుల్లో తెలుగు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ సబ్జెక్టు అవ్వగానే దానికీ మార్కులొచ్చాయి. ఇష్టం మాత్రం ఇంట్లో పుట్టాల్సిందే.

అక్షరాలన్నీ వచ్చాకే కథలు అనే పట్టింపు కూడా వదిలెయ్యాలి. మన వర్ణమాలని 56 అక్షరాలంటారు. అందులో ‘ఙ’, ‘ఞ’, ‘ౡ’ ఏ పిల్లల కథలో కనిపిస్తాయి చెప్పండి? గుణింతాలు, వత్తులు ఏవీ రాకపోయినా ఓ పదిహేను అక్షరాలతో ‘కల, వల, పలక, ఆట, ఈగ, ఊయల’ లాంటివి బోలెడు చదివెయ్యొచ్చు. మా అక్క పాత పెళ్లిపత్రికల వెనక పెద్ద అక్షరాలతో గడప, పలక, పడక అని రాసి ఇంట్లో ఆయా చోట్ల అంటించింది. వాటి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. రెండు వారాల తర్వాత ఒక రోజు ‘గడప’ అట్ట తెచ్చి వాళ్ల నాన్న వీపుకి అంటించి పిల్ల పగలబడి నవ్వింది. చదవడం వచ్చిందని మాకు అలా తెలిసింది.

నేనుండేది హైదరాబాద్‌లో కాబట్టి ఇంకో ఏర్పాటు చేసుకున్నాం. ఏ పుస్తకం కొన్నా రెండు కాపీలు కొంటాను, ఒకటి తెనాలికి, ఒకటి నా దగ్గర. ఆదివారాలు వీడియో కాల్‌లో నేను నా కాపీ చూసి చదువుతుంటే అది తన కాపీలో పేజీలు తిప్పుతుంది. నేనెక్కడైనా ఒక లైను ఎగ్గొడితే వెంటనే ‘మావయ్యా, ఆగు. పిల్లి పడిపోయింది నువ్వు చదవలేదు’ అని పట్టేస్తుంది. మామూలు వీడియో కాల్‌లో ‘తిన్నావా, స్కూలుకెళ్లావా’ తర్వాత ఇద్దరికీ మాటలుండేవి కావు. ఇప్పుడు అరగంట దాటిపోతోంది. ఊళ్లకి దూరంగా ఉంటున్న బాబాయిలూ, పిన్నులూ, మావయ్యలూ! ఇది మీకు పనికొస్తుంది. కాల్‌కి టైం కుదరకపోతే కథ చదివి వాయిస్ మెసేజ్ పంపండి. వాళ్లు పుస్తకం ముందేసుకుని వింటారు.

మరి అసలేమీ అడక్కూడదా అంటే, అడగొచ్చు. అడిగే తీరులోనే ఉంది. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు బృందం 1988లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించి, పిల్లలే మాట్లాడేలాంటివి అడగమని తల్లిదండ్రులకి నేర్పారు. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటతీరు మెరుగైంది. ‘ఇది ఏ రంగు?’ అన్నది పరీక్ష. ‘ఈ కోతి ఇప్పుడేం చేస్తుందంటావ్?’ అన్నది కబుర్లు. రెండోదానికి తప్పు జవాబుండదు. ఒక్కోసారి పుస్తకంలో దానికంటే మంచి జవాబొస్తుంది కూడా.

ఒకే పుస్తకం నలభైసార్లు అడుగుతున్నారని విసుక్కోవద్దు. మనం ‘అతడు’ టీవీలో ఎన్నిసార్లు చూశాం? తర్వాతి సీను తెలుసు కాబట్టే చూస్తాం. వాళ్లూ అంతే. ఆ నలభయ్యోసారికి కథ నోటికొచ్చేసి, వేలు పెట్టి చదువుతున్నట్టు నటిస్తారు. నటించనివ్వండి. ఎక్కడో ఒక చోట వేలూ మాటా కలుస్తాయి.

పుస్తకాలెక్కడ అంటారా? సికింద్రాబాద్ తార్నాకలోని ‘మంచి పుస్తకం’ వాళ్ల బొమ్మల పుస్తకాలు, చెన్నై తూలిక వాళ్ల రెండు భాషల పుస్తకాలు మేం ఎక్కువగా కొంటాం. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. చదివే స్థాయిని బట్టి నాలుగు లెవెల్స్‌గా విడదీసి పెట్టారు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. ఏదైనా ఇంగ్లిష్ కథ నచ్చితే మీరే తెలుగులోకి మార్చి అక్కడ పెట్టొచ్చు కూడా. ఒక కథకి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఒక్క సలహా మాత్రం చాలామందికి నచ్చదు. ఐదేళ్ల పిల్లకి పాత చందమామ బైండు బహుమతిగా ఇవ్వకండి. 1947 నుంచి తరాల్ని పెంచిన పత్రికే, కాదనను. కానీ ఆ సన్న అక్షరాలు, ఆ నిండు పేజీలు మన జ్ఞాపకాల కోసం. ఈ వయసులో దాన్ని మనం చదివి వినిపించాలి, అంతే. వాళ్ల చేతికి పేజీకి ఒక వాక్యం, దానికో పెద్ద బొమ్మ ఉన్నది ఇవ్వాలి. అదీ అలమర పై అరలో కాదు, నేల మీద కూర్చుంటే అందేచోట, అట్ట కనిపించేలా. చిరుగుతాయి. చిరగనివ్వండి, టేపు పది రూపాయలే.

మొత్తానికి మా అక్క రీడింగ్ డైరీలో సోమవారమే వారానికి సరిపడా సంతకాలు పెట్టేస్తోంది. స్కూలువాళ్లు చూసినా ఏమీ అనలేదు. రాత్రిపూట చదివే పని అమ్మమ్మది. మా అమ్మకి ఈ మధ్య చూపు కాస్త మసకగా ఉంది, కళ్లద్దాలు మార్పించాలి. వాక్యం మధ్యలో ఆగితే పక్కనుంచి పిల్ల మాట అందిస్తోంది. అందులో సగం తప్పులే. ‘పులి’ అని ఉంటే ‘పిల్లి’ అంటుంది. అమ్మ ఆ రాత్రికి దాన్ని పిల్లిగానే చదివి, కథ ఎలాగోలా నడిపించేస్తోంది.