పట్టణము చుట్టు పచ్చని వలయము: అడ్డు చెప్పువారెవరు, నష్టపడువారెవరు

పట్టణమునకు పది పండ్రెండు మైళ్ల దూరముననున్న గ్రామములకు మేము పోయినపుడెల్ల, రైతులు విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు అడుగుటకు ముందు వేఱొక ప్రశ్న వేయుచున్నారు. “అయ్యా, మా పొలములలో ఇండ్లు కట్టనిత్తురా, కట్టనియ్యరా? ఏది మాకు మేలు?” అని. ఇది మా పనికి సంబంధించిన విషయము కాదని చాలకాలము తప్పించుకొంటిమి. కాని పొలము నిలుచునో నిలువదో తెలియని రైతునకు పచ్చిరొట్ట వేయుమనియు, గట్లు కట్టుమనియు చెప్పుట యెట్లు? నేలను బాగుచేయుట మూడు నాలుగేండ్ల పని. వచ్చు వేసవికి హద్దురాళ్లు పాతుదురేమో యని సందేహించువాడు ఆ పనికి పూనుకొనడు. కాబట్టి మాకు తెలిసినంతవఱకు ఈ సంగతిని వ్రాయుచున్నాము.

ఇందొక వింత కలదు. ఇంగ్లండు దేశమున పట్టణముల చుట్టు పచ్చగా విడువబడిన నేలలో ఎవరైన ఇండ్లు కట్టబూనినచో, ఆ యూరివారే ముందుగా అడ్డుపడుదురు. మన హైదరాబాదు చెంత అట్టి నిషేధమే 1996లో కలుగగా, ఆ యూళ్ల రైతులే దానిని తొలగింపుడని యేండ్ల తరబడి కోరిరి. కట్టడి ఒకే విధమైనది. ఒకచోట ఊరివారు దానికి కావలివారు, మఱియొకచోట దానికి విరోధులు. ఇట్లేల జరిగెను?

పట్టణము చుట్టు కొంత నేలను ఇండ్లు లేకుండ విడుచుట క్రొత్త యూహ కాదు. మన గ్రామములకు మందబయళ్లు ఉండెడివి. తెలంగాణమున అట్టి మేతభూములను బంచరాయి యందురు. బైబిలు చదివినవారికి లేవీయుల పట్టణముల సంగతి జ్ఞాపకముండును. ఆ పట్టణముల చుట్టు పసుల మేతకై ఇంత కొలత నేల విడువవలెననియు, దానిని అమ్మరాదనియు మోషే ధర్మశాస్త్రములోనున్నది. మిషను బడిలో ఆ యధ్యాయములను వల్లించిన నాడు అది దేనికో మాకు బోధపడలేదు.

ఇంగ్లండులో ఎబనీజరు హొవార్డు అనునాతడు 1898లో ప్రకటించిన గ్రంథమున, పట్టణము ఒక మితికి మించి పెరుగరాదనియు, దాని చుట్టు సేద్యపు భూమి శాశ్వతముగా నుండవలెననియు చెప్పెను. 1903లో లెచ్‌వర్తు అను నూతన పట్టణము ఆ పద్ధతిని ఆరంభింపబడెను. లండను నగరము మాత్రము రైలుదారుల వెంబడియు, మోటారు బాటల వెంబడియు ప్రాకుచు పొలములను మ్రింగుచుండెను. 1935లో ఆ నగరము చుట్టు గ్రీన్‌బెల్టు, అనగా పచ్చని మొలనూలువంటి వలయము, ఏర్పఱుపవలెనను యోజన బయలుదేఱెను. 1938లో చట్టము వచ్చెను. అప్పటి పద్ధతి సులభముగా బోధపడునది: పచ్చగా నుంచవలసిన నేలను ధరపెట్టి కొనుట, లేక యజమానితో ఒడంబడిక చేసికొనుట. కాని మహానగరము చుట్టునున్న నేలనంతయు కొనుటకు ఎవరి బొక్కసము చాలును?

ఈ చిక్కును 1947వ సంవత్సరపు చట్టము వేఱొక విధముగా విప్పినది. రైతులు దీనిని శ్రద్ధగా గమనింపవలెను. ఆ చట్టప్రకారము నేల యజమానిదే. దున్నుకొనవచ్చును, పసులను మేపుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. కాని అందులో ఇండ్లు కట్టు హక్కు మాత్రము యజమానిది కాదు. అది ప్రభుత్వముయొక్క అనుమతివలన కలుగవలసినదే. అనుమతి నిరాకరింపబడినచో పోయిన లాభమునకు పరిహారము అడుగుటకు వీలులేదు. ఈ నియమము ఒక్క పట్టణము చుట్టునున్న పల్లెలకు మాత్రమే కాక, దేశమంతటికిని వర్తించెను. అట్లు హక్కును తీసికొనునపుడు యజమానుల నష్టమునకై 30 కోట్ల పౌనుల నిధిని కేటాయించిరి. 1950 తరువాత ఆ నిధిని పంచు పద్ధతి మాఱినది గాని, మూలనియమము నేటికిని నిలిచియున్నది. 1955లో డంకన్ శాండిస్ అను మంత్రి, తక్కిన పట్టణములవారును ఇట్టి వలయములు ఏర్పఱుచుకొనవలెనని వ్రాయగా, అవి దేశమున పలుతావుల వెలసినవి. ఇపుడు ఇంగ్లండు భూమిలో నూటికి 12 పాళ్లకు మించి, అనగా సుమారు 40 లక్షల ఎకరములు, గ్రీన్‌బెల్టులో నున్నది. అందు ఇంచుమించు మూడింట రెండు వంతులు సేద్యపు నేల.

అయినను ఆ వలయము పైరులకొఱకు పుట్టినది కాదు. పట్టణము అడ్డులేక ప్రాకకుండుట, ఒక యూరు మఱియొక యూరిలో కలిసిపోకుండుట, పురాతన పట్టణముల శోభ చెడకుండుట మొదలైనవి దాని యుద్దేశములు. నేల నల్లరేగడియా, చవుడా యని పరీక్షించి గీత గీసినవారు కారు.

అక్కడ కట్టుబడిదారుడు దరఖాస్తు పెట్టుకొనగానే ఆ సంగతి ప్రకటింపబడును. ఎవరైనను ఆక్షేపణ వ్రాసి పంపవచ్చును. ఊరివారు సభచేయుదురు, సంతకములు పోగుచేయుదురు. బాటలలో మోటార్ల రద్దీ పెరుగుననియు, బడిలో పిల్లలకు చోటు చాలదనియు, వాననీరు తమ యిండ్లమీదికి వచ్చుననియు, పొలముపై సిమెంటు పోసినపిదప అది మఱల పొలము కాదనియు వాదింతురు. 1926లో స్థాపింపబడిన గ్రామీణ ఇంగ్లండు సంరక్షణ మండలి వీరికి తోడ్పడుచుండును. 1985లో ఎసెక్సు మండలమున టిల్లింగ్‌హాం హాలు అనుచోట, గ్రీన్‌బెల్టు పొలములలో సుమారు 5 వేల యిండ్లతో క్రొత్త యూరు కట్టుటకు గొప్ప కట్టుబడి కంపెనీలు కొన్ని కలిసి దరఖాస్తు పెట్టినవి. బహిరంగ విచారణ జరిగెను. 1987లో ప్రభుత్వము నిరాకరించెను. 2021 జూనులో చెషాం, ఆమర్షాం నియోజకవర్గపు ఉపయెన్నికలో పాలకపక్షము ఓడుటకు, కట్టుబడి నిబంధనలను సడలింపబోవుట యొక కారణమని అందఱు చెప్పుకొనిరి. ఆ సడలింపు పిదప ముందుకు సాగలేదు.

ఈ యడ్డు చెప్పువారందఱును రైతులే యని చదువరులు తలంపరాదు. వారిలో నాగలి పట్టువారు కొలదిమంది. పట్టణమున ఉద్యోగమును, పల్లెలో ఇల్లును గలవారే హెచ్చు. కిటికీ తెఱచిన పచ్చని పొలము కనబడుట వారికి సుఖము. క్రొత్త యిండ్లు రాకుండుటచేత తమ యింటి వెల తగ్గకుండుట వారికి లాభము. ఇల్లు దొరకక అద్దెలకే జీతమంతయు ధారపోయు పడుచువారు వీరిని స్వార్థపరులని నిందింతురు. ఆ నింద పూర్తిగా అసత్యమని మేము చెప్పజాలము. 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వము నిబంధనలను మార్చి, వలయములో చెడిపోయిన నేలకును, వలయముయొక్క ముఖ్యప్రయోజనమును అంతగా నెఱవేర్పని నేలకును ‘గ్రే బెల్టు’ అను పేరుపెట్టి, అందు ఇండ్లు కట్టుటకు దారి విడిచెను. ఐదేండ్లలో 15 లక్షల యిండ్లు కట్టవలెనని వారి సంకల్పము. ఏ పొలము పచ్చది, ఏ పొలము బూడిదవన్నెది యనుట తగవులకు మూలమైనది.

ఈ కలహములో అక్కడి సేద్యగాని స్థితి యేమి? సొంత పొలము గలవానికి, ఇండ్లకు అనుమతి లభించినచో నేల వెల సేద్యపు వెలకు నూఱు రెట్ల వఱకు ఎక్కును. కాబట్టి అతడు తఱచుగా ఊరివారి పక్షమున నుండడు. కౌలుకు దున్నువాని సంగతి వేఱు. సేద్యము కాని పనికి అనుమతి వచ్చినచో కౌలుదారును తొలగించుటకు యజమానికి చట్టమే వీలిచ్చుచున్నది. వెలలో పెరిగిన నూఱు రెట్లలో అతనికి వచ్చునది స్వల్పము.

ఇక మన చెంత జరిగినది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది జనులను ముంచివేసెను. ఆ పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీమీద ఉస్మాన్‌సాగరమును, ఈసీమీద హిమాయత్‌సాగరమును కట్టిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వఱదను ఆపుటయు, నగరమునకు త్రాగునీరు ఇచ్చుటయు వాని పని. నగరము పడమటికి పెరుగుచుండగా, 1996 మార్చి 8వ తేదీని ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు జారీచేసెను. జలాశయముల నిండుమట్టమునుండి 10 కిలోమీటర్లలోపల కాలుష్యము కలిగించు కర్మాగారములు, పెద్ద హోటళ్లు, ఇండ్ల కాలనీలు కూడవని దాని సారాంశము. 84 గ్రామములు, 1,32,000 ఎకరములకు పైబడిన భూమి దీనిక్రిందికి వచ్చెను. ఒక నూనె కర్మాగారపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2000 డిసెంబరులో ఈ కట్టడినే బలపఱిచెను. ఉత్తరువు యొక్క ఉద్దేశము మంచిదే. పొలములో పడిన వాన కొంత నేలలో నింకి, మిగిలినది వాగుల వెంబడి చెఱువు చేరును. కాలనీమీద పడిన వాన మురుగును మోసికొని పోవును.

కాని ఈ మంచి యెవరికి, దాని ఖర్చెవరిది? నీరు నగరమునకు, నిషేధము 84 గ్రామములకు. ఇంగ్లండులో వలె దేశమంతటికి ఒకే నియమము పెట్టి, యజమానుల నష్టమునకు నిధి కేటాయించుట ఇచట జరుగలేదు. నిషేధపు గీతకు ఇవతలి రైతు ఎకరము అమ్మి బిడ్డల చదువు, పెండ్లి జరుపుకొనుచుండగా, అవతలి రైతు చూచుచు కూర్చుండవలసినవాడయ్యెను. నగరపు పడమటి యంచున కోకాపేటలో 2023 ఆగస్టు వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలకు మించి పలికెనన్నచో, ఆ రైతుల మనసెట్లుండునో ఊహింపవచ్చును. అంతకంటె వారిని నొప్పించినది మఱియొకటి. తమకు లేఅవుటు కూడదన్న నేలలోనే నగరపు ధనవంతుల తోటబంగళాలును, పెండ్లిమండపములును లేచుచుండుట వారు చూచిరి. అందఱియెడల సమానముగా నడువని కట్టడిని ఎవడును మనసార కాపాడడు. పట్టణపు నీటికి రైతు కావలి కాయవలెనన్నచో ఆ కావలికి కూలి యుండవలెను గదా. ఆ రైతులను మేము తప్పుపట్టము.

2022 ఏప్రిలు 12వ తేదీని 69వ నంబరు ఉత్తరువుచే, జలాశయముల నీరు చెడరాదను షరతుమీద ఆ నిషేధములు సడలింపబడెను. నగరమునకు కృష్ణా, గోదావరి జలములు వచ్చుచున్నవి కాబట్టి ఆ కట్టడి అక్కఱలేదని ప్రభుత్వమువారు చెప్పిరి. జలాశయములు వఱదను కూడ ఆపుచున్నవని పరిరక్షకులు బదులు చెప్పి న్యాయస్థానమునకు పోయిరి.

సడలింపు వచ్చినంతనే రైతుకు లాభమని తలంపరాదు. మేము కన్నులార చూచిన దొకటి చెప్పెదము. పలుచోట్ల పొలమును చదునుచేసి, పైమన్ను గీకి, మొరము పోసి, రాళ్లు పాతి పదేండ్లైనను ఒక్క యిల్లును లేవలేదు. కొన్నవాడు ఎక్కడనో యుండును. స్థలములో సర్కారుతుమ్మ మొలచును. గట్లు తెగినవి, కాలువలు పూడినవి, ప్రక్కపొలములో నీరు నిలుచుచున్నది. మొరము పడిన నేలను మఱల సేద్యమునకు తెచ్చుట మాకు తెలిసిన పనులలో మిక్కిలి కష్టమైనది. పైమన్ను ఒక్క జానెడు ఏర్పడుటకు పట్టిన కాలము మనుష్యుని యాయుస్సుతో కొలువదగినది కాదు. ఇండ్లు నిజముగా కావలసినవారికి ఆ స్థలములు ఉపకరింపలేదు, పంటయు పోయినది.

కావున గ్రామసభలో ఇట్టి తీర్మానము వచ్చినపుడు, వెల యెంత యనుటతో విచారణ ముగింపక, ఆ సర్వేనంబర్లను నిజముగా దున్నుచున్న దెవరు, నోటిమాట కౌలుదారున కేమి ముట్టును, ఆ నేలద్వారా పోవు పంటకాలువ యెటు మఱలును, సొమ్ము రొక్కముగా వచ్చునా స్థలముగా వచ్చునా, ఆ భూమిపై మన సంఘపు అప్పు ఎంత నిలిచియున్నది, దానిని ఎవరు తీర్తురు అను సంగతులను మినిట్సు పుస్తకములో వ్రాయించుకొనవలెను. కౌలుదారులను సభకు పిలుచుట మఱువరాదు. వారు పట్టాదారులు కారని బయట నిలుపుట మేము ఒకటి రెండు చోట్ల చూచితిమి. సర్వేనంబర్ల జాబితాతో సంఘ కార్యాలయమునకు వచ్చిన సభ్యులతో కూడ మేము పొలమునకు వచ్చి, ఏ నేల రెండు పంటలకు తగినదో, ఏది రాతినేలయై ఇండ్లకు విడిచినను నష్టములేనిదో త్రవ్వి చూపగలము. వానకాలపు దుక్కులు మొదలుకాక ముందే వచ్చినచో గుంటలు త్రవ్వుట సులభము.