లా పిసీన్ (రూబే)

లా పిసీన్ ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగంలో, బెల్జియం సరిహద్దుకు సమీపంలో ఉన్న రూబే నగరంలోని ఒక మ్యూజియం. ఫ్రెంచి భాషలో ఈ పేరుకు "ఈతకొలను" అని అర్థం. 1932లో ప్రజల స్నానశాలగా, ఈతకొలనుగా ప్రారంభమైన ఈ భవనం 1985లో మూతపడి, 2001లో మ్యూజియంగా తిరిగి తెరువబడింది. వాడుక తప్పిన చారిత్రక కట్టడాన్ని దాని పూర్వరూపం చెడకుండా మరొక ప్రయోజనానికి మలచవచ్చుననడానికి ఇది చక్కని ఉదాహరణ.

నేపథ్యం

19వ శతాబ్దంలో రూబే ఉన్ని వస్త్ర పరిశ్రమకు పేరుపొందిన నగరం. మిల్లు కార్మికులలో అనేకులు ఇరుకైన పెరళ్ళ చుట్టూ వరుసగా కట్టిన చిన్న ఇళ్ళలో నివసించేవారు. ఆ ఇళ్ళలో స్నానపు గదులు లేవు. నీటి వసతి, మరుగుదొడ్లు పలు కుటుంబాలకు ఉమ్మడిగా ఉండేవి. కనుక స్నానశాల ఆనాడు విలాసం కాదు, ప్రజారోగ్యానికి సంబంధించిన అవసరం. 1912లో నగర మేయరైన సోషలిస్టు నాయకుడు జాఁ బాప్టిస్ట్ లెబా ఈ నిర్మాణాన్ని తలపెట్టాడు. ఈయనే 1936లో కార్మిక మంత్రిగా ఉండగా ఫ్రాన్సులో వేతనంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. జర్మన్ ఆక్రమణ కాలంలో 1941లో అరెస్టయి, 1944లో నిర్బంధంలోనే మరణించాడు.

నిర్మాణం

వాస్తుశిల్పి అల్బేర్ బార్ట్ రూపకల్పనలో 1927 - 1932 మధ్య ఈ భవనం ఆర్ట్ డెకో శైలిలో నిర్మింపబడింది. దీని ప్రణాళిక క్రైస్తవ మఠాన్ని పోలి, నడుమ తోటను కలిగి ఉంటుంది. 50 మీటర్ల కొలనుపై ఎత్తైన కమాను కప్పు ఉంది. దాని రెండు చివరల అర్ధవృత్తాకారపు రంగుటద్దాల కిటికీలు ఉదయిస్తున్న, అస్తమిస్తున్న సూర్యులను సూచిస్తాయి. కొలనుతో పాటు తొట్టిస్నానాల గదులు కూడా ఉండేవి. ధనిక, పేద తారతమ్యం బాగా కనిపించే ఆ నగరంలో అన్ని వర్గాలవారు కలిసే చోటు ఇది.

మూసివేత, మార్పు

కమాను కప్పు బలహీనపడడంతో భద్రతా కారణాల వలన 1985లో కొలనును మూసివేశారు. మరొక వైపు, వస్త్ర నమూనాల సేకరణతో 1835లో మొదలైన నగరపు పాత మ్యూజియం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మూతపడగా, దాని వస్తువులకు తగిన చోటు లేకపోయింది. ఖాళీ భవనానికి ప్రయోజనం, సేకరణకు నిలయం ఏకకాలంలో సమకూరేలా ఇక్కడే మ్యూజియం ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. పారిస్‌లోని ఓర్సే రైల్వేస్టేషనును మ్యూజియంగా మార్చిన వాస్తుశిల్పులలో ఒకరైన జాఁ పోల్ ఫిలిపాన్‌కు ఈ పని అప్పగించారు.

కొలనును పూర్తిగా పూడ్చివేసి ఉంటే ప్రదర్శనకు మరింత స్థలం లభించేది. కానీ భవనం దేనికోసం పుట్టిందో చూపరులకు తెలిసేది కాదు. అందుచేత నడుమ నీటిని పొడవాటి పాయగా నిలిపి, ఇరువైపులా శిల్పాలను అమర్చారు. బట్టలు మార్చుకునే గదులు వస్తు ప్రదర్శనకు, తొట్టిస్నానాల విభాగం చిత్రకళకు ఉపయోగపడ్డాయి. ఈతగాళ్ళ కేకలు, నీటి చప్పుడు రికార్డు చేసిన ధ్వని అప్పుడప్పుడు హాలులో వినిపిస్తుంది.

సేకరణలు

వస్త్ర నమూనాలు, 19, 20వ శతాబ్దాల చిత్రాలు, శిల్పాలు, పికాసో చేసిన పింగాణీ వస్తువులు ఇక్కడ ఉన్నాయి. కమీల్ క్లోదెల్ చెక్కిన పాలరాతి బాలిక శిల్పాన్ని 1996లో ప్రజల విరాళాల సాయంతో కొన్నారు. 2018లో ఫిలిపాన్ రూపకల్పనలోనే మ్యూజియాన్ని విస్తరించి, శిల్పి ఆఁరి బుషార్ పనిశాలను అందులో పునర్నిర్మించారు.