కదిలే పునాది

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మా కారు స్టీరింగుకి చలిజ్వరం పట్టుకునేది. ఏసీ వేస్తే వణుకు పెరిగేది, ఆపితే కాస్త తగ్గేది. ఫస్ట్ గేరులో క్లచ్ వదలగానే అడుగున ఎక్కడో ‘దడ్’మని ఒక దెబ్బ. పదేళ్ళు దాటిన మూడు సిలిండర్ల చిన్న కారు. వయసు మీద పడిందిలే అని కొన్నాళ్ళు ఊరుకున్నాను. స్పార్క్ ప్లగ్గులు కూడా మార్పించాను. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి బానెట్ ఎత్తి, షెడ్డు కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, నన్ను పక్కన నిలబడి చూడమన్నాడు. ‘‘గేరేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ కొంచెం కొంచెం వదలరా’’ అన్నాడు. కుర్రాడు వదిలాడు. ఇంజన్ ఇంజనంతా వెనక్కి ఒరిగి, మళ్ళీ దబ్బున ముందుకొచ్చింది. ‘‘ఫౌండేషన్ పోయిందండీ. ప్లగ్గులేం చేస్తాయి?’’ అన్నాడు మేస్త్రి.

ఇంజన్ మౌంటుకి మన షెడ్లలో వాడే పేరు ఫౌండేషన్. ఇంటికైతే ఫౌండేషన్ కదలకూడదు. బండి ఫౌండేషన్ కదలకపోతే మాత్రం ఆ బండిలో కూర్చోలేం. ఇంజన్ బరువుని మోయాలి, దాని విసురుని ఆపాలి, దాని వణుకుని మాత్రం మన దాకా రానివ్వకూడదు. ఇన్ని పనులు చేసేది ఇనుముకి అంటించిన గుప్పెడు రబ్బరు.

కారు పుట్టిన తొలి రోజుల్లో ఎక్కువ బండ్లలో ఇంజన్ని ఛాసిస్‌కి నేరుగా బోల్టులతో బిగించేవారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు పిస్టన్లు పైకెళ్తుంటే రెండు కిందికొస్తాయి కాబట్టి లెక్క సరిపోవాలి. సరిపోదు. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా తిరగడం వల్ల పిస్టన్ పైసగం దూరాన్ని వేగంగా, కిందిసగాన్ని నిదానంగా దాటుతుంది. ఆ తేడా నాలుగు పిస్టన్లలోనూ ఒకేసారి ఒకేవైపు కూడి, క్రాంక్ ఇరుసు ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఇంజన్ని కుదుపుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో సెకనుకి వంద కుదుపులు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దీనికి 20వ శతాబ్దం మొదట్లోనే మందు కనిపెట్టాడు: ఎదురెదురుగా, రెట్టింపు వేగంతో తిరిగే రెండు బరువు ఇరుసులు. మందు గొప్పదే, ఖరీదూ గొప్పదే. చవక కార్లవాళ్ళు వణుకుతూనే తిరిగారు.

రబ్బరు మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ పచ్చి రబ్బరుని గంధకంతో కలిపి కాలిస్తే అది ఎండకు కరగదు, చలికి పగలదు అని తెలుసుకున్నాడు. 1844లో పేటెంట్ వచ్చింది. 1860లో అప్పులతోనే పోయాడాయన. మిగిలిన చిక్కల్లా రబ్బరుని ఇనుముకి ఊడకుండా అంటించడం. పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో ట్రాముల రొద భరించలేక హ్యూ లార్డ్ అనే లాయరు ఆ పని మీద పడ్డాడు. 1924లో కంపెనీయే పెట్టాడు. లాయరు ఇందులో తలదూర్చడం నాకు వింతగా అనిపించదు. చప్పుడు పడని మనిషి ఎంతదూరమైనా వెళ్తాడు.

అసలు మలుపు 1931లో వచ్చింది. క్రైస్లర్ కంపెనీ తన చవక బండి ప్లిమత్ పీఏలో ‘ఫ్లోటింగ్ పవర్’ అని ఒక ఏర్పాటు చేసింది. చాలామంది దీన్ని ‘ఇంజన్ కింద రబ్బరు పెట్టడం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అన్యాయం. రబ్బరు ముక్కలు అంతకుముందూ కొన్ని బండ్లలో ఉన్నాయి. క్రైస్లర్ ఇంజనీర్లు కనిపెట్టింది ఎక్కడ పట్టుకోవాలన్నది. కావడి మోసేవాడికి ఇది తెలుసు: భుజం సరైన చోట పడితే బద్ద ఎంత ఊగినా బాధ లేదు, నాలుగు వేళ్ళు తప్పితే అడుగడుగునా భుజం ఒరుసుకుపోతుంది. ఇంజన్‌కీ అలా తన బరువుకేంద్రం గుండా పోయే ఒక గీత ఉంటుంది, దాని చుట్టూ ఊగడం దానికి సహజం. ప్లిమత్‌లో ఒక మౌంటుని ముందువైపు పైన, నీళ్ళ పంపు దగ్గర పెట్టారు. రెండోదాన్ని వెనక కింద, గేరుబాక్సు దగ్గర పెట్టారు. రెంటినీ కలిపే గీత సరిగ్గా ఆ బరువుకేంద్రం మీదుగా పోతుంది. మరీ ఎక్కువ ఊగకుండా పక్కన ఒక చిన్న పట్టీ స్ప్రింగు. ఇంజన్‌లో ఒక్క భాగమూ మార్చకుండానే దాని కుదుపు సీటు దాకా రాకుండా పోయింది.

వాల్టర్ క్రైస్లర్ కొత్త ప్లిమత్‌ని స్వయంగా నడుపుకుంటూ హెన్రీ ఫోర్డ్ దగ్గరికి వెళ్ళి, చూపించి, ఆ బండిని ఆయనకే వదిలి టాక్సీలో ఇంటికెళ్ళాడని చెబుతారు. పోటీదారుకి అంతకన్నా మర్యాదగా చురక పెట్టడం కష్టం. మరుసటి ఏడు ఫ్రాన్సులో సిట్రోయెన్ ఇదే పద్ధతిని లైసెన్సు మీద తెచ్చుకుని, తన గుర్తు మీద నీళ్ళలో తేలే హంసని వేసుకుంది.

ఆ తర్వాత ఇంజన్ అడ్డం తిరిగింది. 1959లో అలెక్ ఇసిగోనిస్ గీసిన మినీలో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాల్ని తిప్పింది. మన దగ్గర 1983 డిసెంబరులో మారుతి 800 అదే కూర్పుతో, 796 సీసీల మూడు సిలిండర్లతో వచ్చింది. అంబాసిడర్‌లో చక్రాల్ని తిప్పే ఆఖరి గేర్ల ఎదురుతాకిడిని వెనక ఇరుసు, దాని స్ప్రింగులు భరించేవి. అడ్డం ఇంజన్ బండిలో గేరుబాక్సు, ఆఖరి గేర్లు, ఇంజన్ అన్నీ ఒకే ముద్ద. చక్రం ముందుకు తిరిగితే ఆ ముద్ద అంతే బలంతో వెనక్కి ఒరుగుతుంది. ఇంజన్ ఇచ్చే తిప్పుడు బలం ఫస్ట్ గేరులో పది పదిహేను రెట్లవుతుందనుకుంటే, ఆ మొత్తాన్నీ ఆపాల్సింది ఫౌండేషన్ రబ్బర్లే. అందుకే అడుగున అడ్డుకర్రలా ఒక పొట్టి కడ్డీ పెట్టారు. రెండు చివర్లా ఇనుప గొట్టంలో రబ్బరు కూర్చిన బుష్షులుంటాయి, చూడ్డానికి కుక్కకు వేసే ఎముకలా ఉంటుంది. షెడ్లలో పేరూ అదే, డాగ్‌బోన్. మా బండిలో పోయింది దాని పెద్ద బుష్షు.

బుష్షు పోతే వణుకెందుకు? ఉయ్యాలని దాని ఊపుకి తగినట్టు తోస్తే పైకెళ్తుంది. దాని ఊపుకన్నా బాగా గబగబా తోస్తే ఉన్నచోటే ఉంటుంది. రబ్బరు మీద కూర్చున్న ఇంజన్ కూడా ఒక ఉయ్యాలే. దాని సహజమైన ఊపుకి కనీసం 1.4 రెట్ల వేగంతో కుదుపులొస్తేనే రబ్బరు వాటిని మింగడం మొదలుపెడుతుంది. నిమిషానికి 800 చుట్ల దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకి దాదాపు 27 సార్లు పేలుతుంది. మూడు సిలిండర్లదైతే 20 సార్లే. కాబట్టి మూడు సిలిండర్ల బండికి మరింత మెత్తని రబ్బరు కావాలి. మెత్తనిది త్వరగా చిరుగుతుంది. చిరిగాక లోపలి ఇనుము బయటి ఇనుముకి తగులుతుంది, అక్కణ్ణించి వణుకు నేరుగా స్టీరింగుకే. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బుతుంది, ఇంజన్ వేడికి గట్టిపడుతుంది. అయినా అలుపెరగకుండా సాగి ముడుచుకోవడంలో చెట్టుపాల రబ్బరుకి సాటి తక్కువ కాబట్టి మౌంట్లలో ఇప్పటికీ అదే ఎక్కువ.

డాగ్‌బోన్ మార్చడం ఇంట్లో చేయదగ్గ పనే. మా బండిలాంటివాటిలో ఇంజన్ బరువు పైనున్న రెండు మౌంట్ల మీద వేలాడుతుంది. కింది కడ్డీ తీసినా ఇంజన్ పడిపోదు, కాస్త ఊగుతుందంతే. పక్క మౌంటు తీయాలంటే మాత్రం ఆయిల్ సంపు కింద చెక్క పెట్టి జాకీతో బరువు ఎత్తిపట్టాలి. ఏదైనా ఒకసారికి ఒక్కటే విప్పాలి. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే.

మూడు బోల్టులు విప్పితే కడ్డీ చేతికొచ్చింది. బుష్షు మధ్య రబ్బరు ఒకవైపు పూర్తిగా తెగి, రూపాయి బిళ్ళ దూరేంత సందు. సందులన్నీ చిరుగులు కావు, ఇది గమనించాలి. కొత్త బుష్షులోనూ రెండు నెలవంకల్లాంటి ఖాళీలు కావాలనే వదులుతారు. మామూలు వణుకుని ఆ ఖాళీ మింగుతుంది, పెద్ద విసురుకి రబ్బరు గోడకి ఆని గట్టిగా ఆపుతుంది. ఆ నెలవంకలు ఏ వైపు ఉన్నాయో తీసేముందే మార్కరుతో గీత పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. పాతది రంపం బ్లేడుతో కోసి తీసేశాక తెల్లమొహం వేశాను. ఫోనులో తీసిన ఫొటో ఉండబట్టి బతికిపోయాను.

కొత్తదాన్ని బెంచ్ వైసులో, రెండువైపులా సరిపోయే పానా గొట్టాలు పెట్టి, సబ్బునీళ్ళు రాసి నొక్కాను. గ్రీజు వద్దు. సుత్తితో కొట్టడం అసలే వద్దు. వైసు లేనివాళ్ళు కడ్డీ మొత్తం కొత్తది కొనుక్కోవడమే మేలు. ఆఖరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాక, ఇంజన్ తన చోట సర్దుకున్నాక చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే కొత్త రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది, నాలుగు నెలలకే మళ్ళీ చిరుగుతుంది. బోల్టు ఎంత బలంతో బిగించాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.

గట్టి పాలీయురేథేన్ బుష్షు వేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. రేసు బండికి సరే. ఊళ్ళో తిరిగే కారుకి వేస్తే 1931కి ముందటి ప్రయాణం ఎలా ఉండేదో తెలిసొస్తుంది. ఖరీదైన కార్లలో ఇప్పుడు మౌంటు లోపల ద్రవం నింపుతున్నారు. పోర్షె తన 911 జీటీ3లో అయస్కాంతం తగలగానే చిక్కబడే ద్రవాన్ని వాడింది, దాన్ని జేకబ్ రాబినో అమెరికాలో 1948లోనే చేసి చూపించాడు. హాయిగా వెళ్ళాలనుకున్నప్పుడు మెత్తని మౌంటు, మలుపులో గట్టి మౌంటు. కోరిక పాతదే.

మీ బండి సిగ్నల్ దగ్గర వణుకుతుంటే ప్లగ్గుల మీద డబ్బు పోసేముందు ఆ బ్రేకు, క్లచ్ పరీక్ష ఒకసారి చేయండి. చూసేవాళ్ళని పక్కకే నిలబెట్టండి, బండి ముందు ఎవరినీ ఉంచకండి.