విరేచనాలు ఆగినా ఇల్లు వీడని వ్యాధి

2022 ఏప్రిల్‌లో మాదాపూర్ వడ్డెర బస్తీ వాసులు పదుల సంఖ్యలో వాంతులు, విరేచనాలతో కొండాపూర్ ఏరియా ఆసుపత్రిలో చేరారు. నల్లా నీరే కలుషితమైందని వారు ఆరోపించారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన దృష్టి పైపుల మీదే నిలుస్తుంది, అది సమంజసమే. అయితే గడప దాటి లోపలికి వచ్చిన తర్వాత అతిసారం నీటితోనే వ్యాపించదు, ఇంటివారి చేతుల మీదుగానూ వ్యాపిస్తుంది. పలు కుటుంబాలకు ఒకే మరుగుదొడ్డి ఉన్న చోట ముప్పు అధికం. అలాగని ప్యూరిఫయర్ బిగించుకున్న అపార్ట్‌మెంట్లు నిశ్చింతగా ఉండవచ్చని కాదు.

ముఖ్యంగా పరాన్నజీవుల వల్ల కలిగే విరేచనాల తీరు వేరు. జియార్డియా సోకిన వారం, రెండు వారాలకు గాని సాధారణంగా లక్షణాలు బయటపడవు. ఆపై కడుపుబ్బరం, జిడ్డు విరేచనాలు వారాల తరబడి వేధించవచ్చు. ఈ జీవులు గట్టి కవచం గల సూక్ష్మరూపంలో మలంతో వెలువడతాయి. అలాంటివి పదో పాతికో నోట్లోకి వెళ్లినా వ్యాధి సోకడానికి చాలు. జిగట విరేచనాలకు కారణమయ్యే అమీబా సోకినవారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు. వారు ఆరోగ్యంగా తిరుగుతూ, వంట చేస్తూనే దానిని ఇతరులకు అంటిస్తుంటారు. క్రిప్టోస్పోరిడియం సోకిన పిల్లల మలంలో, విరేచనాలు ఆగిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు అది ఉండవచ్చు.

పసిబిడ్డ మలం ఏం చేస్తుందిలే అన్న మాట మన ఇళ్లలో తరచూ వింటాం. బిడ్డను కడిగిన చేతిని నీళ్లతో తడిపి, అదే చేత్తో రొట్టెల పిండి కలిపితే వ్యాధి ఇంటిల్లిపాదికీ చేరుతుంది.

మలవిసర్జన తర్వాత నీటితో శుద్ధి చేసుకోవడం మనకు బాల్యం నుంచే అలవడుతుంది. ఎంతో మంచి అలవాటు. కానీ ఆ తర్వాత చేతిని సబ్బుతో రుద్ది కడగకపోతే లోటా పిడి, నల్లా, తలుపు గడియ అన్నీ వ్యాధివాహకాలవుతాయి. రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తున్నాం కదా అనవచ్చు. వుజూ ఆరాధనకు సంబంధించిన శుద్ధి. సబ్బుతో తీరవలసిన పని దానితో తీరదు. శానిటైజర్ క్రిప్టోస్పోరిడియం మీద దాదాపు పనిచేయదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు ఉన్నన్నాళ్లూ దస్తర్‌ఖాన్ మీద వారికి వేరే పళ్లెంలో వడ్డించాలి. అది అగౌరవం కాదని పెద్దలే ముందుగా చెప్పడం మేలు.

క్లోరిన్ కలిపిన నీరు పూర్తిగా సురక్షితమన్న నమ్మకం కూడా సరికాదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటి ద్వారానే సుమారు 4 లక్షల మంది క్రిప్టోస్పోరిడియం బారిన పడ్డారు. నీటిని కళపెళ మరిగాక మరో నిమిషం పాటు మరగనిస్తే ఈ జీవులు నశిస్తాయి.

విరేచనాలు మొదలవగానే ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. పిల్లలకు వైద్యుల సలహాతో జింకు కూడా. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ నీరసించి మూత్రం తగ్గినా ఆలస్యం చేయరాదు. మందుల దుకాణంలో రెండు మాత్రలు అడిగి తెచ్చుకొని, తగ్గగానే మానేయడం మన నగరంలో మామూలైపోయింది. విరేచనాలు రెండు వారాలు దాటితే మలపరీక్ష చేయించాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఇటీవల ఇలా అయి ఉంటే, ఇప్పుడు తగ్గిపోయినా సరే, ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.