యథాప్రకారముగా

ఈ దినము దానియేలు గ్రంథము 6వ అధ్యాయము 10వ వచనములోని ఒకే ఒక మాటను ధ్యానించుదాం. ఆ మాట "యథాప్రకారముగా".

సందర్భము మీకు తెలిసినదే. 30 దినములపాటు రాజైన దర్యావేషును తప్ప ఏ దేవుణ్ణీ, ఏ మనిషినీ వేడుకొనరాదని శాసనము పుట్టింది. మీరినవారికి సింహాల గుహ. ఆ సంగతి తెలిసిన తరువాత దానియేలు ఏమి చేశాడు? ఇంటికి వెళ్లాడు. మేడగదిలో యెరూషలేము వైపు తెరచిన కిటికీల దగ్గర, రోజుకు మూడుసార్లు మోకరించి, దేవుణ్ణి స్తుతిస్తూ ప్రార్థించాడు. అంతకుముందు ఎలా చేసేవాడో ఇప్పుడూ అలాగే.

అతని శత్రువులకు కూడా ఈ అలవాటు తెలుసు. ఉద్యోగములో తప్పు వెదకి, ఏమీ దొరకక, అతని ప్రార్థననే ఉచ్చుగా మార్చారు. మన పొరుగువారు మన గురించి అంత నిశ్చయముగా ఏమి చెప్పగలరు? ఏ సీరియల్ వేళకు ఇంట్లో ఉంటామో చెప్పగలరేమో!

"మాకు తీరిక లేదండీ" అంటారు కొందరు. దానియేలుకు ఉందా? 120 మంది అధిపతులపైన ముగ్గురు ప్రధానులుంటే, వారిలో ఇతడొకడు. క్రీ.పూ. 605 ప్రాంతములో యౌవనుడిగా చెరకు వచ్చాడు. ఇది జరిగింది క్రీ.పూ. 539లో బబులోను కూలిన తరువాత. అంటే దాదాపు 80 ఏండ్ల వృద్ధుడు! తీరిక కోసం ఎదురుచూసి ఉంటే ఎన్నడూ మోకరించి ఉండడు.

ప్రియులారా, శ్రమకాలములో మనకు అలవాటైనదే బయటికి వస్తుంది. అర్ధరాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు బైబిలు ఎక్కడ తెరవాలో తోచదు, ప్రార్థించబోతే మాటలు రావు. రోజూ కీర్తన చదివే అవ్వకైతే కళ్లజోడు లేకపోయినా ఆ కీర్తన నోటికే వస్తుంది. ఆ రాత్రి కోసం ఆమె ఎన్నో ఉదయాలు సిద్ధపడింది.

మరి ఎలా మొదలుపెట్టాలి? చిన్నగా మొదలుపెట్టండి. ఒక వేళ, ఒక చోటు, రోజుకు ఒక కీర్తన. 150 కీర్తనలు ఐదు నెలల్లో పూర్తవుతాయి. తరువాత, బైబిలులో ఉన్న 1,189 అధ్యాయములను రోజుకు మూడు నాలుగు చొప్పున ఏడాదిలో ముగించవచ్చు. స్కాట్లాండులోని డండీ పట్టణ సంఘకాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘస్థుల కోసం అలాంటి పట్టిక తయారుచేశాడు. దానిని నేటికీ అనేకులు వాడుతున్నారు. అయితే ఇది వట్టి ఆచారముగా మారవచ్చనీ, కొందరికి మోయలేని కాడి కావచ్చనీ ఆయనే ముందుగా హెచ్చరించాడు.

కాబట్టి తెల్లవారుజామున కూలికి వెళ్లేవారు, రాత్రి షిఫ్టు చేసేవారు కలవరపడవద్దు. యేసుప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడు (మార్కు 1:35). మరొకసారి జనులను పంపివేసి, సాయంకాలము కొండపై ఒంటరిగా ప్రార్థించాడు (మత్తయి 14:23). మీకు దొరికే వేళ ఏదో చూసుకొని దానిని ప్రభువుకు ఇవ్వండి.

గృహయజమానులారా, మీతో ఒక మాట. భార్య వంటింట్లో నలిగిపోతుంటే భర్త తలుపు వేసుకొని ధ్యానము చేసుకొనుట దానియేలు మాదిరి కాదు. పిల్లల క్యారేజీలు సర్దే పని పది నిమిషాలు మీరందుకోండి. ఆమె కూడా ప్రభువు పాదముల చెంత కూర్చుంటుంది.

ఒక దినము తప్పిపోయిందా? మరునాడు రెండింతలు చేసి అప్పు తీర్చనక్కరలేదు. మన్నా ఏ దినమునకు ఆ దినమే కురిసింది. దేవుని వాత్సల్యము ప్రతి ఉదయము క్రొత్తదే. మన క్రమము వలన ఆయన మనలను ప్రేమించడు. ఆయన ముందుగా ప్రేమించాడు గనుకనే మనము ఆయన యొద్దకు రోజూ వస్తాము.

చివరిగా రాజును చూడండి. దానియేలును గుహలో వేయించినప్పుడూ, తెల్లవారి గుహ దగ్గరకు పరుగెత్తి వచ్చి పిలిచినప్పుడూ దర్యావేషు ఒకే సంగతి చెప్పాడు: ఇతడు తన దేవుణ్ణి తప్పక అనుదినము సేవించేవాడు అని. ఏ ప్రసంగమూ లేకుండా, అన్యుడైన ఒక రాజు ముందు ఆ మేడగది సాక్ష్యమిచ్చింది. మీ ఇంట్లో ఆ చోటు ఎక్కడ? ఈ రాత్రి నిద్రపోకముందే నిర్ణయించుకొనండి.

పరలోకపు తండ్రి మీ అనుదిన జీవితమును తన సన్నిధిలో స్థిరపరచును గాక. ఆమేన్.