సెలైనుతో తగ్గని దడ

గుండె దడ, అరికాళ్ల మంటలు, నడుంనొప్పి, నీరసం. పల్లెల్లో మనసుకు వచ్చే జబ్బు తరచు ఇలా ఒంట్లోనే బయటపడుతుంది. ఆర్‌ఎంపీ సెలైను ఎక్కిస్తాడు, బలానికని సూది వేస్తాడు. రెండు రోజులు తేలికగా ఉంటుంది, మళ్లీ మొదలు. పట్నం వెళ్లి ఇసిజి, స్కానింగు తీయిస్తే ఏమీ లేదంటారు. ఏమీ లేకపోతే నిద్ర ఎందుకు పట్టదో ఎవరూ చెప్పరు. ఈలోగా గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, కోడిని కోయడం అయిపోతాయి. అప్పు మిగులుతుంది.

పంట పోతేనో, అయినవారు పోతేనో దిగులు పడనివారు ఉండరు. కాని రెండు వారాలు దాటినా తిండి సహించక, తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఇష్టమైన పని మీదా మనసు పోకపోతే దాన్ని జబ్బుగానే చూడాలని వైద్యులు అంటారు. ఆందోళన తీరు వేరు. ఏదో కీడు జరుగుతుందన్న భయం నెలల తరబడి వదలదు. కొందరికి ఉన్నట్టుండి ఊపిరాడక చెమటలు పడతాయి, ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. అలా మొదటిసారి వచ్చినపుడు మాత్రం ముందు గుండె పరీక్ష చేయించాల్సిందే. థైరాయిడ్ తేడా వల్లా ఇలాంటి లక్షణాలు రావచ్చు.

వయసును బట్టి జబ్బు వేషం మారుస్తుంది. పిల్లవాడికి బడి వేళకు కడుపునొప్పి వస్తుంది, ఆదివారం రాదు. దొంగ ఏడుపని నాలుగు తగిలిస్తే భయం పెరుగుతుందే గాని తగ్గదు. ఇంటర్ వయసులో దిగులు కంటే చిరాకే ముందు కనిపిస్తుంది. కాన్పయిన తొలి రోజుల్లో బాలింతకు ఏడుపు రావడం మామూలే. రెండు వారాలైనా తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోవాలని కూడా అనిపించకపోతే డాక్టరుకు చూపించాలి. మగవారు మందు సీసా చాటున దాస్తారు. పెద్దవారిలో అది మతిమరుపులా కనిపిస్తుంది. ముసలితనంలో ఇంతేలే అని ఇంట్లోవారు వదిలేస్తారు.

మందులున్నాయి. దిగులు తగ్గించే మాత్ర పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని పారేయకూడదు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానాలి. మందుల షాపులో అడిగి కొనే నిద్రమాత్ర వేరు, అది అలవాటుగా మారే ప్రమాదముంది. గతంలో నిద్ర లేకుండా రోజుల తరబడి అతి ఉత్సాహంగా తిరిగిన సందర్భం ఉంటే అదీ డాక్టరుకు చెప్పాలి, మందు మారుతుంది. జబ్బు ముదరకుంటే మాటలతో చేసే చికిత్స ఒక్కటే చాలవచ్చు.

ఎర్రగడ్డ పేరు తిట్టుగా మారడంతో మనసు డాక్టరు దగ్గరకు వెళ్లడానికి జనం వెనకాడుతున్నారు. జిల్లాల్లోనే వైద్యం అందించే జాతీయ కార్యక్రమం 1996లోనే మొదలైంది. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడవచ్చు.

పురుగుమందు తాగి బతికినవారిని కేసు భయంతో ఇళ్లలో దాచడం మరో ఘోరం. 2017 చట్టం ప్రకారం అలాంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి వైద్యం చేయించాలే తప్ప శిక్షించరాదు. చావు మాట ఎత్తిన మనిషిని ‘నీకు అలాంటి ఆలోచన వస్తోందా’ అని సూటిగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఆ పూటే తీసి తాళం వేయాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.